ఫీడర్ నాలుగోసారి ఆగింది

కార్డిఫ్‌లోని ఇంటి గ్యారేజీలో తూటాలు నింపే ప్రెస్ మళ్లీ మొరాయించింది. ఫీడర్ ట్యూబులోంచి కిందికి జారి తూటా కొసన కూర్చోవాల్సిన బుల్లెట్ జారలేదు. శశాంక్ విసుగ్గా హ్యాండిల్ ఎత్తి ఇంకోసారి లాగాడు. హ్యాండిల్ లాగిన ప్రతిసారీ ఒక తూటాకి బుల్లెట్ అమరుతుంది, అదే లాగుడికి పక్క తూటాలో తుపాకి మందు పడుతుంది. తర్వాత ట్యూబులోకి తొంగిచూశాడు.

"దొరికింది. ఒకటి తలకిందులుగా ఇరుక్కుంది," అన్నాడు భార్యతో.

మధులిక రేపటి షూటింగ్ పోటీకి బ్యాగు సర్దుకుంటోంది. హాస్పిటల్లో మత్తు డాక్టరు. ఎవరు ఏ పని రెండోసారి చేసినా ముందు డోసు గురించే అడుగుతుంది.

"ఇప్పటికి ఎన్నిసార్లు ఆగింది?"

"పొద్దున్నించి ఇది నాలుగోసారి."

"ఆగినప్పుడల్లా హ్యాండిల్ ఇలాగే రెండోసారి లాగావా? అయితే పక్క తూటాలో మందు కూడా రెండుసార్లు పడుంటుందిగా."

శశాంక్ వంగి చూశాడు. సగం దాకే ఉండాల్సిన తుపాకి మందు అంచుదాకా ఉంది. రైఫిల్ చేతుల్లోనే బద్దలవడానికి అలాంటిది ఒక్కటి చాలు.

మధులిక బ్యాగులోంచి ఒక డబ్బా తీసి అతని ముందు పెట్టింది. లోపల పొద్దున అతను ఇదే ప్రెస్ మీద నింపిన వంద తూటాలు, అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి.

"మిగతా మూడూ ఇందులోనే ఉన్నాయి," అంది.

మూత మీద అతను రాసి అంటించిన చీటీ ఉంది: 'మధూ, గెలిచి రా.'