తొమ్మిది బాసల కేసెట్టు

"ఆపు మామ్మా, ఆపు!"

చిన్నారావు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పడేశాడు.

గాజు కిటికీకి అవతల మైకు ముందు కూర్చున్న వరహాలమ్మ పాట ఆపింది.

"ఏటైంది బావూ? గొంతు జీరపోనాదా?"

"గొంతుకేం, బాగానే ఉంది. ప్రతి పాటా రెండు చరణాలకే వదిలేస్తే ఎలా? మిగతాది నేను పాడాలా?"

"రెండు సాలు. బస్."

చిన్నారావు నుదుటి చెమట తుడుచుకున్నాడు. మే నెల. ఫ్యాన్ వేస్తే ఆ చప్పుడు కూడా టేపులో పడుతుంది.

రాయపూర్ గుఢియారీ పేటలో అతనిదొక చిన్న రికార్డింగ్ గది. అమ్మవారి పాటలు, ఎన్నికల ప్రచారాలు, చీరల దుకాణాల ప్రకటనలు చేసి పెడుతుంటాడు.

రైల్వే కాలనీలో తెలుగువాళ్ళ పెళ్ళి ఏది జరిగినా వరహాలమ్మ పాట ఉండాల్సిందే. నలభై ఏళ్ళుగా పాడుతున్న గొంతు. అలాంటి మనిషి డెబ్భై దాటాక సొంతంగా కేసెట్టు వేయించుకుంటానని వస్తే అతను సంబరపడ్డాడు. పెళ్ళిపాటల కేసెట్టుకి కాలనీలో మంచి గిరాకీ ఉంటుందనుకున్నాడు.

తీరా మైకు ముందు కూర్చున్నాక ఆమె ఒక్క పెళ్ళిపాటా ఎత్తలేదు.

మొదట శ్రీకాకుళం వైపు జోల. తర్వాత చప్పట్లు కొడుతూ ఒడియాలో ఊయల పాట. ఆపైన ఛత్తీస్‌గఢీ చిలక పాట. దాని వెనకే భోజ్‌పురీలో ఏదో తిరగలి పాట. ఇక బెంగాలీ, మరాఠీ, ఉర్దూ, గోండీ, చివరికి అరవం కూడా.

ఒకటి ఏడుపులా సాగుతుంది. ఇంకొకటి గెంతుతుంది.

"ఇది కేసెట్టా, కిచిడీయా?"

"కిచిడీయే అనుకో బావూ. ఆకలున్నోలు తింతారు."

"ఇన్ని బాసలు ఎక్కడ పట్టావు మామ్మా?"

"బండ్లొచ్చి ఆగే ఊరు గదా మనది. వచ్చినోలే నేర్పినారు."

పాట అయిపోగానే అతను మీట నొక్కబోయాడు.

"ఆపకు! అలా తిరగనీ."

"ఖాళీ టేపు ఎవరు వింటారు?"

"ఇనడానికి కాదు బావూ. సూడ్డానికి."

"టేపులో చూడ్డానికి ఏముంటుంది?"

ఆమె చెంబెత్తి గుక్కెడు నీళ్ళు తాగి, మరాఠీ పాట అందుకుంది.

అలా మూడు రోజులు చంపింది.

నాలుగో రోజు కేసెట్టు అట్ట సంగతి వచ్చింది.

"పట్టుచీర కట్టుకుని రా. మంచి ఫొటో తీసి వేద్దాం."

"ఫొటో వొద్దు. ఏ పాట ఏ బాసో హిందీలో రాసీ. పెద్దచ్చరాలు."

"పైన నీ పేరు?"

"నా పేరెందుకు?"

"పాడినవాళ్ళ పేరు లేకుండా కేసెట్టు ఉంటుందా మామ్మా! పోనీ, ఎన్ని కాపీలు తియ్యమంటావు?"

"ఒక్కటి సాలు."

చిన్నారావు తల పట్టుకున్నాడు. ఆమె ఆ ఒక్క కేసెట్టూ కొంగులో కట్టుకుని వెళ్ళిపోయింది.

నవరాత్రుల ముందు అమ్మవారి పాటలకి టేపు చాలలేదు. ఆమె పాడిన అసలు టేపు అరలో కనబడింది. దీన్నెవరడుగుతారులే అనుకుని దాని మీదే కొత్త పాటలు ఎక్కించేశాడు.

మరుసటి ఏడు వానల్లో, ఒక మధ్యాహ్నం, తడిసిన గొడుగుతో ఓ పెద్దమనిషి గబగబా లోపలికొచ్చాడు.

"నా పేరు జ్ఞానప్రకాశమండి. స్టేషన్లో పూఛ్‌తాఛ్, అదే ఎంక్వయిరీ, కౌంటర్లో పని చేస్తాను. ఇది మీరు తీసిందేగా?"

జేబులోంచి కేసెట్టు తీశాడు. లోపలి టేపంతా ఉండచుట్టుకుని బయటికి వేలాడుతోంది. హిందీలో పెద్దక్షరాలు చూడగానే చిన్నారావు గుర్తుపట్టాడు.

"మా కౌంటర్లో ప్లేయర్ నమిలేసిందండి. జల్దీగా ఇంకోటి తీసివ్వండి."

"ఇదింక పాడదు."

"మీ దగ్గర అసలుది ఉంటుంది కదా?"

"దాని మీద వేరేవి ఎక్కించేశాను," అన్నాడు చిన్నారావు విసుగ్గా. "ఆవిడనే పంపండి. మళ్ళీ పాడించి ఇస్తాను."

"వరహాలమ్మగారు పోయిన దీపావళికి ముందే పోయారండి."

చిన్నారావు లేచి కుర్చీ ముందుకు జరిపాడు.

"మీరు దగ్గరుండి విన్నారు కదా," అన్నాడు జ్ఞానప్రకాశం. "ఒక్క పాటైనా గుర్తుందా? ఒడియాది? భోజ్‌పురీది? మాటలు తప్పినా పర్లేదు, వరస చాలు."

చిన్నారావు కళ్ళు మూసుకున్నాడు. ఆ ఉక్క గుర్తుంది. తను కసిరిన మాటలు ఒక్కోటీ గుర్తున్నాయి. పాట ఒక్కటీ రాలేదు.

తన మీద తనకే చిరాకేసింది. అది ఎదుటి మనిషి మీదికి మళ్ళింది.

"ఏమిటండీ ఇంత హడావిడి? పెళ్ళిళ్ళలో పాడుకునే ముసలావిడ. ఏదో సరదాపడి పాడుకుంది. ఒక్క పాటా పూర్తిగా పాడలేదు కూడా!"

"పొద్దున హౌరా బండిలో నాలుగేళ్ళ పిల్ల ఒంటరిగా దొరికిందండి. ఏ బాసలో పలకరించినా నోరు విప్పడం లేదు. సాయంత్రం దాకా చూసి అనాథాశ్రమానికి పంపేస్తారు."

"పిల్ల నోరు విప్పకపోతే బిస్కెట్టు పెట్టాలి గానీ, పాటలెందుకండీ?"

జ్ఞానప్రకాశం టేపు ఉండని మెల్లగా జేబులో పెట్టుకున్నాడు.

"వరహాలమ్మగారు మా స్టేషన్లో ఆడవాళ్ళ వెయిటింగ్ రూం ఆయా అండీ, తప్పిపోయి వచ్చిన పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒక్కో బాసలో పాడుకుంటూ పోయి, ఏ పాటకి పిల్ల తలెత్తిందో చూసి, ఆ బాస ఊళ్ళవైపు బండెక్కి తనే వెళ్ళి తల్లి చేతికి అప్పజెప్పి వచ్చేవారు."