పరగడుపు రిపోర్టు

“ఒకటి కాదమ్మా, నాలుగు లక్షణాలు చెప్పారు మీరు,” అంది డాక్టర్ కావేరి మంజులతో. “ఎంత పడుకున్నా తీరని అలసట, ఊరికే విసుగు, గడ్డం పలచబడటం, భార్య మీద ధ్యాస లేకపోవడం. మగవాళ్ల హార్మోను, టెస్టోస్టిరాన్, తగ్గిందేమో చూడాలి. పొద్దున పదిలోపు పరగడుపున రక్తం ఇవ్వాలి. తక్కువొస్తే ఇంకో రోజు మళ్లీ చేయిస్తాం. ఒక్కసారికే తేల్చేయం.”

రక్తం మాట వినగానే పక్కనున్న ఆమె మొగుడు శ్రావణ్‌కుమార్ కుర్చీలో వెనక్కి జరిగాడు. ఎయిర్‌పోర్టు కార్గోలో బండెడు పెట్టెలు ఎత్తి పడేసే మనిషి, కరోనా టీకా నాడు బాత్‌రూంలో గొళ్లెం పెట్టుకున్నాడు! మంజులకు ఆ సంగతి గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆరు నెలలకు వచ్చిన నవ్వు అది.

శనివారం పొద్దున ల్యాబు వాళ్లు శంషాబాద్‌లోని ఇంటికే వచ్చి రక్తం తీసుకెళ్లారు. అప్పటికే మంజుల కాటేదాన్‌లో బిస్కెట్ల కంపెనీ డ్యూటీకి వెళ్లిపోయింది. సాయంత్రం ఇంటికొస్తే అత్త ముత్తమ్మ గుమ్మంలోనే అందుకుంది.

“మీ మామకేమైందే? పొద్దుగాల చాయ్ ఇస్తే వద్దన్నడు. శనివారం ఒక్కపొద్దు గిట్ల పట్టిండేమో!”

“అది సరే అత్తా, నీ కొడుకు రక్తం ఇచ్చిండా?”

“ఇచ్చిన్నని చెప్పిండు. నేను కూరగాయలకు పోయొచ్చేసరికే అయిపోయింది.”

సోమవారం డాక్టరమ్మ ఫోన్ చేసింది. “చాలా బాగుందమ్మా! ముప్పై ఏళ్లవాడికి ఎలా ఉండాలో అలాగే ఉంది. హార్మోను మందులేమీ అక్కర్లేదు. మనసులో ఏముందో మీరిద్దరూ ఓసారి కూర్చుని మాట్లాడుకోండి.”

ఆ మాటతో ఇల్లంతా పండగైంది. అందరికన్నా ఎక్కువ సంబరం మామ దశరథానిది. రిపోర్టు మూడుసార్లు చదివించుకుని మీసం మెలేశాడు. కొడుకు గురించి ఇంతలా పొంగిపోయే తండ్రిని చూసి మంజులకు ముచ్చటేసింది. పొద్దుగూకేలోగా ఆయన జుట్టుకు రంగేయించుకుని, భార్యకు మూర మల్లెపూలు కూడా తెచ్చాడు.

“ముసలోనికి గిదేం పుట్టిందే!” అంటూనే ముత్తమ్మ పూలు తురుముకుంది.

శ్రావణ్ మాత్రం రిపోర్టు వైపే చూడకుండా ముసుగు తన్ని పడుకున్నాడు.  మంజుల ఆ ముసుగు వైపు ఓసారి చూసి, బీరువా తెరిచి రెండు జతల బట్టలు బ్యాగులో కుక్కుకుంది.

“ఏడికి బిడ్డా?” గడప దగ్గర దశరథం అడ్డం వచ్చాడు.

“మహేశ్వరం పోతున్న మామా. మా అమ్మ దగ్గరికి.”

“ఇప్పుడేంది? రిపోర్టు మంచిగనే వచ్చె గదా!”

“అందుకే పోతున్న. జబ్బుంటే మందు ఇప్పిద్దామనుకున్న. ఏం జబ్బు లేదట. ఇగ ఆయనకు నేనే పడుతలేనన్నట్టు గదా!”

“అట్ల గాదు బిడ్డా…” అనబోయాడు దశరథం. లోపల మంచం మీద ముసుగు కదిలింది.

“బాపూ, ఒట్టేసినవ్!” అన్నాడు శ్రావణ్ లోపలి నుంచే.

దశరథం వినిపించుకోలేదు. కోడలి చేతిలోని బ్యాగు లాక్కుని కింద పెట్టాడు. రెండు రోజులుగా మడవని చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచి ఆమె ముందు చాపాడు.

“ఆ రక్తం నాది బిడ్డా.”