గాలి ఎటువైపు

"మన వెనక విమానం ఎగిరినాదా లేదా బావా?" ఝపటాపూర్‌లో మేనమామ ఇంటి గుమ్మంలోనే నిలబడి అడిగింది సూసన్న. తల్లి సమాధి నుంచి నేరుగా వచ్చింది. చెప్పులకింకా మట్టి ఉంది.

ఆర్థర్ పైలట్ యూనిఫాం విప్పలేదు. "ఎగిరినాది."

"బాగానే దిగినాదా?"

"దిగినాది."

"మరి నిన్న నువ్వొక్కడివే మన విమానం ఎగరకుండా ఎందుకు ఆపీసినావు? లోపల నేనున్నానని తెలుసు కదా!"

"టవరోళ్లు గాలి ఎదురుగా ఉందన్నారు. రన్‌వే పక్కన గాలి ఎటుందో సూపే సంచి సూస్తే వెనకనించి కొడతంది, అలా ఎగిరితే ముప్పు. మళ్లీ అడిగితే ఇంకోలా సెప్పినారు. ఏది నమ్మాల?"

"అందరూ నమ్మినారు కదరా!" అన్నాడు మేనమామ సమూయేలు. నిన్నంతా చెల్లెలు అన్నమ్మ మంచం పక్కన కూర్చుని, కూతురు విమానం ఎక్కేసింది, వచ్చేస్తుందని చెబుతూనే ఉన్నాడు. రాత్రి ఆమె పోయింది, ఎండలకి ఆగదని పొద్దున్నే మట్టి చేశారు.

"నాన్నా, సిగ్నల్ దీపం ఆరిపోయుంటే నువ్వేటి సేసీవోడివి?"

రైలు నడిపినన్నాళ్లూ సమూయేలుది ఒక్కటే జవాబు. వెలగని సిగ్నల్ ఎర్ర సిగ్నలే. ఎక్కడ బండి ఆపినా ఇంటికొచ్చి గొప్పగా చెప్పేవాడు. ఆర్థర్ అది వింటూనే పెరిగాడు.

"ఆపీసీవోడిని. కానీ అవతల నా సెల్లి ఎదురుసూసీది కాదురా."

"నీ బండి కోసం ఎవరి సెల్లో సూసే ఉంటాది నాన్నా."

సమూయేలు సూసన్న చెప్పుల వైపు చూశాడు. ఆగిన బండిలోంచి ఆనాడు జనం తిట్టిన తిట్లు అతనికి ఇప్పుడు వినబడ్డాయి.