అమ్మకు అనువైన ఇల్లు

“పిల్లల స్కూలు బస్సు ఈ గుమ్మం ముందే ఆగుతుంది. అమ్మకెంత అనువో!” అన్నాడు కొడుకు, అద్దె ఇంటిని కలయజూస్తూ.

“వంటిల్లు పెద్దది. మన నలుగురి క్యారేజీలూ అత్తయ్య ఇక్కడే సర్దేస్తారు,” అంది కోడలు. “పైగా మనకి రెండు వీధుల అవతల. ఆవిడ దగ్గినా మనకి వినపడదు.”

“తాళంచెవులు మూడు చేయించండి. రెండు మాకు,” అని కొడుకు బ్రోకరుకు పురమాయించాడు.

నలభై ఏళ్లు నర్సుగా పనిచేస్తూ, పిలిచిన ప్రతి రోగి మంచం దగ్గరికీ పరిగెత్తి, మొన్ననే పదవీ విరమణ చేసిన తల్లి పక్కనే నిలబడి ఉంది.

బ్రోకరు ఆమె వైపు తిరిగాడు. “ఉండేది మీరు కదమ్మా. మీకేం కావాలి?”

ఆ మాట ఆమెను అడిగిన మొదటి మనిషి అతడే. ఆమె తలుపు మూసి, లోపలి గడియ లాగి చూసింది.

“ఇది వదులుగా ఉంది నాయనా. బయట ఎవరు ఏ తాళంచెవి తిప్పినా తెరుచుకోని గడియ వేయించు. ఇల్లు తీసుకుంటాను.”