శుక్రవారం పుల్ల

సౌసన్‌కి మొగుడు ఖుర్బాన్‌షా మీద ఒకటే ఫిర్యాదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె పుట్టింటికి రెండంటే రెండుసార్లు వచ్చిన మనిషి, పంజ్ నది పుట్టిల్లు వెతకడానికి మాత్రం పదకొండుసార్లు వెళ్ళాడు. ఊళ్ళో ఉన్న నాలుగు రోజులూ ఏట్లో నీళ్ళు పుక్కిలించి, "ఇది పాత మంచు, ఇది కొత్త మంచు" అని రుచులు చెప్పేవాడితో ఏ ఆడది వేగుతుంది?

ఈ ఏడు పామీర్ కొండల్లోకి బయల్దేరుతూ ఖుర్బాన్‌షా కొత్త సంగతి చెప్పాడు. పైన మంచుగోడ వెనక పెద్ద సరస్సు ఉందట. నది అక్కడే పుడుతుందట. గోడ విరిగితే ఊరు మిగలదట.

ఊరంతా నవ్వింది. ఊరి పెద్ద మీర్జో అయితే, "వదినా, వచ్చేటప్పుడు ఆ సరస్సుని కాస్త సంచిలో పోసుకు రమ్మను, బార్లీకి తడి చాలట్లేదు," అన్నాడు.

అందుకే మొగుడు చెవిలో చెప్పి వెళ్ళిన మాట సౌసన్ ఎవరికీ చెప్పలేదు, కొడుక్కి కూడా. ప్రతి శుక్రవారం ఆయన పైనుంచి ఏట్లో పుల్లలు వదులుతాడని మాత్రం అందరికీ తెలుసు. కొసన నల్లగా కాల్చిన పుల్లలు. ఒక్కటైనా కొట్టుకొచ్చి నీటిమర దగ్గరి కంపకి చిక్కుకునేది. అది కళ్ళబడేదాకా ఆమె రొట్టె ముట్టేది కాదు.

మూడో శుక్రవారం మధ్యాహ్నమైనా పుల్ల రాలేదు. ఉప్పు టీ మీద మీగడ కట్టింది. దూడ తప్పిపోయిందంటూ కొడుకు నియాత్ ఏటి ఎగువకి వెళ్ళాడు. అతను తిరిగొచ్చేసరికి కంపకి పుల్ల ఆనుకుని ఉంది.

"చూశావా, నాన్న నిన్ను పస్తు పెడతాడా?"

"ఆ వేలికేంట్రా, కాలినట్టుంది?"

"పొయ్యి దగ్గరమ్మా. ముందు నువ్వు తిను."

ఆ తర్వాత ఒక్క వారం కూడా పుల్ల తప్పలేదు. నీళ్ళే తగ్గుతూ వచ్చాయి.

ఎనిమిదో శుక్రవారం పొద్దున సన్నటి ధారలో పుల్ల వచ్చింది. మధ్యాహ్నానికి ఆ ధారా లేదు. మర ఆగిపోయింది. ఏటి చప్పుడు లేక ఊరికి చెవుడు వచ్చినట్టుంది. పిల్లలు బురదలో చేపలు ఏరుకుంటున్నారు. మేకలు మాత్రం గట్టు దిగమని మొరాయించాయి.

మీర్జో మొహంలో ఇప్పుడు నవ్వు లేదు. "వదినా, నీళ్ళన్నీ పైన ఆ గోడ వెనకే నిండుతున్నాయేమో. పిల్లల్ని తీసుకుని కొండెక్కుదామా? కోతలు వదిలేస్తే చలికాలం తిండి లేదు. నువ్వేమంటావు?"

సౌసన్ తలగుడ్డ ముడిలోంచి పొద్దుటి పుల్ల తీసి ఎత్తి చూపింది. మొగుడి గురించి ఊరి ముందు తలెత్తుకుని మాట్లాడటం ఆమెకిదే మొదలు.

"కోతలు కోసుకోండి. గోడ గట్టిగా ఉన్నన్నాళ్ళూ పుల్ల వస్తుందనీ, రాని శుక్రవారం వెనక్కి చూడకుండా కొండెక్కమనీ ఆయన నాకు చెప్పే వెళ్ళాడు. ఇదిగో, ఇవాళా వచ్చింది."

జనం కొడవళ్ళు అందుకున్నారు. నియాత్ కదల్లేదు. తల్లి ఎత్తిన చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"అమ్మా, తప్పు చేశాను, నువ్వు తినట్లేదని మూడో వారం నుంచీ ఆ పుల్లలు కాల్చి ఏట్లో వేస్తున్నది నేనే."