ఉత్తరేణి అంచు చీర

ఏటి ఒడ్డున మిగిలిన ఒకే ఒక్క పూలబీడు అది. టికెట్టు కొని అందులో నడిచి వచ్చినవాళ్ల బట్టలు గేటు దగ్గర దువ్వడం సుగుణ పని. ఒక్క గింజ కూడా బయటికి పోకూడదు; బయట మొలిస్తే ఇక టికెట్టు ఎవరు కొంటారు? అయినా ఈ కాలపు నున్నటి బట్టలకు ఏదీ అంటదు. ఇనుప దువ్వెన ఊరికే తిరుగుతుంది.

బూదవ్వ మాత్రం పాత నూలుచీర కట్టుకుని వచ్చింది. కాలిబాట దిగకుండానే, పక్కకు ఒరిగిన ఉత్తరేణి కంకులకు రాసుకుంటూ నడిచింది. చీర కింది అంచంతా ముళ్ల గింజలే.

"కావాలనే అంటించుకున్నవ్ గదా అవ్వా?" అంది సుగుణ, దువ్వెనతో మోకాళ్ల మీద కూర్చుంటూ. "తీస్కపోయి ఏడ ఏస్తవ్? ఊరంత సిమెంటేనాయె. పిడికెడు మన్ను లేదు."

"బొందలగడ్డల ఉన్నది బిడ్డా. మీ తాత ఆడనే ఉన్నడు. నన్ను గూడ ఆయన పక్కకే పెడ్తరు. ఈ చీరతోనే పెట్టుమని కోడలికి చెప్పిన. వానవడితే నా మీద నాలుగు మొలుస్తయ్."

సుగుణ చేతిలో దువ్వెన ఆగింది. ఆమె మొగుడు పొద్దున్నే ఆ శ్మశానానికే పనికి వెళ్లాడు. అక్కడ సిమెంటు పోయడం ఇవాళే మొదలు. ఇకమీద చచ్చినవాళ్లందరినీ కాల్చేది కరెంటు పొయ్యిలోనే.

ఆమె దువ్వెన పక్కన పెట్టి, గింజలున్న అంచును కనపడకుండా లోపలికి మడిచింది.

"పైలంగ పో అవ్వా. ఒక్కటి గూడ రాలనీయకు."