ముసుగు ముడి

మా మెక్సికోలో ముసుగేసుకుని కుస్తీ పట్టే వస్తాదుని ముసుగుతోనే పూడుస్తారు. గార్సా మొహం బతికుండగా మేమెవరం చూడలేదు. ఇప్పుడూ ఎవరూ చూడకూడదని, శవపెట్టె నాలుగు మూలలా అభిమానులం కాపలా నిలబడ్డాం.

అంతలో గార్సా ప్రత్యర్థి వస్తాదు తెహోన్ వచ్చాడు. ఆదివారం ఆదివారం బరిలో వెనకనించి మీదపడి, గార్సా ముసుగు తాళ్లు లాగిన దుర్మార్గుడు.

“అప్పుడు చూడలేకపోయాడుగా, ఇప్పుడు చూద్దామని తయారయ్యాడు,” అంది మా ఆవిడ. “ఏమయ్యో, వాడి చేతుల మీద ఓ కన్నేసి ఉంచు.”

నేను తలూపాను.

తెహోన్ సిలువ గుర్తు వేసుకున్నాడు. వంగి, గార్సా తల కిందికి చెయ్యి పోనిచ్చాడు.

మా ఆవిడ చటుక్కున ఆ చెయ్యి పట్టేసుకుంది. “సిగ్గు లేదట్రా? శవాన్ని కూడా వదలవా?”

“ముడి వదులైందమ్మా. మోసేటప్పుడు జారిపోద్ది.”

“ఆహా! ఇన్నాళ్లూ విప్పబోయినోడివి, ఇవాళ బిగిస్తావా?”

“ఇన్నాళ్లలో ఒక్కసారన్నా ఊడిందా, తల్లీ?” అన్నాడు తెహోన్. “వదులైనప్పుడల్లా వీడు నా చెయ్యి నొక్కేవాడు. మీరు తిడుతుంటే నేను బిగించేవాణ్ణి.”

మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. నిజమే, ఒక్కసారీ ఊడలేదు.

మా ఆవిడ అతని చెయ్యి వదిలింది. గార్సా తలని రెండు చేతులతో కొంచెం పైకెత్తి పట్టుకుంది.

“గట్టిగా కట్టు, నాయనా,” అంది.